దిగేవాళ్ళ కాలు

“నువ్వెక్కకు, పడతావ్” అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండానే. ఎక్కొద్దన్నాడే గాని తాను ఎక్కుతానని మాత్రం అనలేదు. ఆదివారం పొద్దున్న. హాల్లో ఫాను రెక్కల మీంచి బూజు వేలాడుతోంది. ముందురోజు సాయంత్రం అత్తగారి స్నేహితురాలెవరో వచ్చి సరిగ్గా ఆ ఫాను కిందే కూర్చుని టీ తాగి వెళ్ళింది. ఆవిడ కప్పులో బూజు పడిందో లేదో తెలీదు గాని, అత్తగారి పరువు మాత్రం నిలువునా పడిపోయిందట. “ఉద్యోగాలు చేసే కోడళ్ళుంటే ఇళ్ళు ఇలాగే ఉంటాయమ్మా అని నేనే అనేశాను, ఆవిడ అనేలోపు” అని లేచిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉంది. బూజుకర్ర ఫానుదాకా అందదు. ఆమె దాని చివర ఇంకో కర్ర జోడించి, తాడుతో బిగించి, నేల మీదే నిలబడి, మెడ వెనక్కి విరుచుకుని దులుపుతోంది. దులిపిందంతా ఆమె కళ్ళల్లోనే పడుతోంది. పక్కనే కుర్చీ ఉంది. ఎక్కితే చిటికెలో అయిపోయే పని. కాని కుర్చీ మీద కాలు పెట్టాలన్న ఆలోచన రాగానే ఆమెకి అరికాళ్ళు చల్లబడతాయి, మోకాళ్ళు వశం తప్పుతాయి, ఎడమ మణికట్టు దానంతటదే ముడుచుకుంటుంది. కుర్చీకి భయపడే మనిషిని చూసి నవ్వడం తేలికే. ఆ ఇంట్లో అందరూ చేసే పని అదే.

ఎందుకు భయమో అందరికీ తెలుసు. చిన్నప్పుడు చెట్టు మీంచి పడింది. ఎడమ మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది, గడ్డం కింద చిన్న మచ్చ మిగిలింది. పెళ్ళి మాటలప్పుడు వాళ్ళ నాన్న స్వయంగా చెప్పాడు, “దాచడం దేనికండీ, చిన్నప్పుడు చెట్టెక్కి పడింది, అప్పట్నుంచీ గడప దాటేది కాదు, మహా నెమ్మదస్తురాలు” అని. లోపం చెబుతూ చెబుతూనే దాన్ని గుణంగా మార్చేశాడు ఆ మహానుభావుడు. ఆ కథని భర్త ఇంటికి వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్విస్తాడు. ఆమె స్కూటరు నేర్చుకుంటానంటే, “చెట్టు మీంచి పడ్డదానివి, స్కూటరు మీంచి పడవా” అన్నాడు. పిల్లని తీసుకుని ఒక్కతే రైల్లో అక్క దగ్గరికి వెళ్ళొస్తానంటే, ఎక్కేటప్పుడు పడతావో దిగేటప్పుడు పడతావో అన్నాడు. ఎప్పుడో ఒక్కసారి పడ్డ పాపానికి బతుకంతా ఆ ఒక్క మాటతోనే సరిపోతోంది. ఆమె కూడా అలాగే తయారైంది. చీమ చిటుక్కుమంటే ఉలిక్కిపడుతుంది. కుక్కరు కూతకి, గాలికి కొట్టుకునే తలుపుకి, వేళకాని వేళ మోగే ఫోనుకి, మెట్ల మీద భర్త బూట్లు మామూలు కన్నా గట్టిగా చప్పుడు చేస్తే దానికి. భయపడడం కూడా ఇంటిపనుల్లో ఒకటైపోయింది. లేవగానే మొదలవుతుంది, సెలవు లేదు, జీతం లేదు.

“అమ్మా, నేనెక్కి దులపనా?” అంది పాప. ఎనిమిదేళ్ళది. అనడమేమిటి, అప్పటికే కుర్చీ మీద ఒక మోకాలు పెట్టేసింది.

“వద్దు, పడతావ్” అంది ఆమె.

అన్నాక తన నోట్లోంచి వచ్చిన ఆ మాట తనకే వినిపించింది. అదే విసురు, చివర అదే విరుపు. భర్త గొంతు వచ్చి తన నోట్లో కూర్చున్నట్టుంది. ఇంకా వెనక్కి వెళ్తే, వాళ్ళ నాన్న గొంతు. పాప మోకాలు దించేసింది.

అప్పుడు భర్త పేపరు మడిచాడు. పేపరు మడిచాడంటే తీర్పు వస్తోందన్నమాట. ఈ మధ్య దీనికి వీధి ఎక్కువైందన్నాడు. నీళ్ళ ట్యాంకు పక్క చెట్టు చుట్టూ వీధి పిల్లల మూకంతా కోతుల్లా చేరుతోందట, కిందింటాయన చూసి చెప్పాడట. “రేపట్నుంచి బడి అవగానే ఇంట్లోకి రావాలి, గడియ పెట్టేయాలి. అమ్మా, నువ్వు చూసుకో. ఆడపిల్ల, ఎక్కడైనా పడి చెయ్యో కాలో విరగ్గొట్టుకుంటే ఆ తర్వాత దాన్ని ఎవరు చేసుకుంటారు?” అన్నాడు. ఆ చివరి ముక్కకి ఆమె మణికట్టు వైపు ఒక చూపు కూడా విసిరాడు. అత్తగారు నిట్టూర్చింది. పాప తండ్రి వైపు చూడలేదు, నానమ్మ వైపు చూడలేదు. తల్లి వైపే చూసింది, ఇప్పుడేమైనా అంటుందేమో అన్నట్టు. ఆమె ఏమీ అనలేదు, కుక్కిన పేనులా బూజు దులుపుకుంటూ ఉండిపోయింది. ఎందుకనలేదని అడిగితే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆమెకి కాస్త హాయిగా కూడా అనిపించింది. పిల్ల గడియ వెనక ఉంటే తన గుండె కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఆ హాయికి సిగ్గేసి, ఆమె వంటింట్లోకి వెళ్ళి కళ్ళు కడుక్కుంది.

మందుల షాపుకి ఆదివారం సెలవుండదు. ఆమెది మధ్యాహ్నం డ్యూటీ. పెద్ద షాపు, నేల నుంచి పైకప్పు దాకా అరలు, వాటికి ఆనించి చక్రాల నిచ్చెన. రోజూ అడిగే మందులు చేతికందే అరల్లో ఉంటాయి, ఎప్పుడో ఒకసారి అడిగేవి పైన. పైనది ఎవరైనా అడిగితే ఆమె ఒక ఇబ్బంది నవ్వు నవ్వి, పక్క కౌంటర్లో ఉండే పొడుగాయన్ని పిలవాలి. ఆయన తన పని ఆపి, ఒక నిట్టూర్పు విడిచి, నిచ్చెన ఎక్కి దిగి, మందు ఆమె చేతిలో పెట్టకుండా కౌంటరు మీద టప్పున పెడతాడు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు ఏ మందు ఏ అరలో ఉంటుందో నేర్పింది ఆమే. పోయిన ఏడు షాపు బాధ్యత చూసే సీటు ఖాళీ అయితే యజమాని ఆయన్నే కూర్చోబెట్టాడు. “ఏమనుకోకండి మేడమ్, పైనా కిందా తిరగ్గలిగిన మనిషి కావాలి” అన్నాడు. ఆమె ఏమనుకుంటుంది? నిజమే కదా అనుకుంది. ఇంటికొచ్చి చెబితే భర్త కూడా నిజమే కదా అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఒకావిడ మోకాలికి వేసుకునే పట్టీ కావాలని వచ్చింది. తలుపంత ఎత్తు మనిషి, చేతులూ కాళ్ళూ సన్నగా పొడుగ్గా ఉన్నాయి. పట్టీలు పై అరలో ఉంటాయి. ఆమె ఎప్పటిలాగే నవ్వి పొడుగాయన్ని పిలిచింది. వచ్చినావిడ పట్టీ వైపు చూడలేదు. కౌంటరు మీద ఆనించిన ఆమె ఎడమ మణికట్టునీ, గడ్డం కింది మచ్చనీ మార్చి మార్చి చూస్తోంది.

“ఒసేయ్ ఉడతా” అంది ఉన్నట్టుండి.

ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో. ఇంట్లో అమ్మాయ్ అంటారు, ఏమోయ్ అంటారు, అమ్మా అంటారు, షాపులో మేడమ్ అంటారు. ఉడత అన్నవాళ్ళు లోకంలో చిన్నప్పటి ఆ నలుగురు నేస్తాలే. “కొంగా!” అని ఆమె నోరు ముందు పిలిచేసింది, తర్వాత గాని బుర్ర గుర్తుపట్టలేదు. ఇద్దరూ కౌంటరు మీదుగా చేతులు పట్టుకున్నారు. కొంగ ఇప్పుడు బళ్ళో పిల్లలకి ఆటలు నేర్పే టీచరట, గెంతీ గెంతీ మోకాలు అరిగిపోయిందట.

ఇక మాటలన్నీ కట్టెల అడితి వెనక బాదం చెట్టు చుట్టూనే తిరిగాయి. బాదం చెట్టుకి కొమ్మలు గొడుగు ఊచల్లా చుట్టూ ఒకే ఎత్తులో వస్తాయి, కాస్త పైన మళ్ళీ ఒక వరస, ఆపైన ఇంకో వరస. అందుకని పిల్లలు వాటిని మేడలనేవాళ్ళు. మొదటి మేడ బండోడిది, ఎందుకంటే వాడు అంతకన్నా పైకి ఎక్కలేడు. రెండో మేడలో కొంగ, కవలలిద్దరూ. మూడో మేడ ఉడతది. అక్కణ్ణుంచి చూస్తే అడితిలో రంపం కింద పడే పొట్టూ, ఇళ్ళ పైకప్పుల మీద ఎండేసిన బట్టలూ, తమ అమ్మలు పెరట్లో ఒంగి తోముకుంటున్న గిన్నెలూ కనిపించేవి. ఒకరి మేడ మీదకి ఇంకొకరు వెళ్ళాలంటే కిందనుంచి “ఇంట్లో ఉన్నారాండీ” అని అడగాలి, “పని మీద ఉన్నాం, తర్వాత రండి” అని పైవాళ్ళు అనొచ్చు. ఎన్ని ఆటలున్నా కచ్చితమైన నియమం మాత్రం ఒక్కటే. దిగేవాళ్ళ కాలు ఎవ్వరూ ముట్టుకోకూడదు. ఎక్కేటప్పుడు చెయ్యి ముందు వెళ్తుంది, దానికి కళ్ళు తోడుంటాయి. దిగేటప్పుడు కాలు ముందు వెళ్తుంది, కాలికి కళ్ళుండవు, కొమ్మ కోసం గుడ్డిగా తడుముకుంటుంది. అప్పుడు కిందనుంచి ఎవరైనా సాయం చేద్దామని పట్టుకున్నా సరే, పట్టు తప్పుతుంది. ముట్టుకున్నవాళ్ళకి వారం రోజులు చెట్టు బంద్. బండోడు ఒకసారి సరదాకి కవలల్లో ఒకడి పాదం గిల్లి, వారమంతా చెట్టు మొదట్లో కూర్చుని ఏడ్చాడు. అది తలుచుకుని ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

“అది సరే, నిచ్చెన ఎక్కడానికి ఇంకో మనిషిని పిలుస్తావేంటే నువ్వు?” అంది కొంగ కళ్ళు తుడుచుకుంటూ.

“నా వల్ల కాదే. చెట్టు మీంచి పడ్డాను కదా, అప్పట్నుంచీ.”

కొంగ ముఖంలో నవ్వు ఆగిపోయింది. “పడ్డావా? ఎవరు చెప్పారే నీకు?”

“ఎవరు చెప్పడమేంటి? పడ్డాను కదా. చెయ్యి చూడు.”

కొంగ ఆ చెయ్యి పట్టుకుని చూసింది. “ఆ రోజు నేను ముందే దూకేసి కట్టెల వెనక దాక్కున్నాను. అంతా చూశాను. కాని నేను చెబితే అది నా మాటవుతుంది. ఒకసారి కూర్చుని నువ్వే గుర్తు తెచ్చుకో” అంది. పట్టీ కవరు మీద తన ఫోను నంబరు రాసి, ఆ ముక్క చింపి ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె చేతులకి పని మీద నిలకడ లేదు. ఒకరి మందు ఇంకొకరి కవర్లో వేయబోయి మళ్ళీ తీసింది. గుర్తు తెచ్చుకోబోతే అన్నీ వస్తున్నాయి. బెరడు మీద ఎర్రచీమల బారు, అరచేతులకి అంటిన జిగురు, పండిన ఆకు రంగు, కింద ఎవరో పెద్దగా అరవడం, తనతో ఉన్నవాళ్ళంతా టపటపా దూకి పారిపోవడం. ఆ తర్వాత డాక్టరు గది, తెల్ల దీపం, మందు వాసన. మధ్యలో పడడం ఉండాలి కదా. ఆ పడడం ఎంత వెతికినా లేదు. ఇన్నాళ్ళూ అది అక్కడ ఉందనే అనుకుంది, ఎప్పుడూ వెళ్ళి చూసుకోలేదు. అందరూ చెబుతుంటే ఇంక చూడడం దేనికి? ఇప్పుడు చూస్తే ఆ చోటు ఖాళీగా ఉంది. పడిన భయం కన్నా ఆ ఖాళీ ఎక్కువ భయపెట్టింది. ఒంట్లో బాగాలేదని చెప్పి, పొద్దుండగానే షాపు నుంచి బయల్దేరింది.

వీధి మలుపు తిరగ్గానే గేటు దగ్గర అత్తగారు కనిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

“నీ కూతురు చెట్టెక్కి కూర్చుందే అమ్మాయ్. రేపట్నుంచి వెళ్ళొద్దంటే, ఇవాళే ఆఖరంటూ పోయి ఎక్కింది. వాడు దింపడానికి వెళ్ళాడు, మండిపడుతున్నాడు” అంది అత్తగారు.

ఆమె పరుగెత్తింది. పరుగెత్తి ఎన్నేళ్ళయిందో, చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. నీళ్ళ ట్యాంకు పక్కన పేరు తెలియని ఏదో చెట్టు, మనిషి ఎత్తుకి రెండింతల ఎత్తులో మొదటి చీలిక. వీధి పిల్లలు దూరంగా గోడకి అంటుకుని నిలబడ్డారు. పాప దిగుతోంది. చీలిక కింద, మానుని రెండు చేతులా కావలించుకుని, ఎడమ కాలు ఒక బుడిపె మీద పెట్టి, కుడి కాలితో కింది బుడిపె కోసం తడుముతోంది. బాగా దిగుతోంది. తొందర లేదు, తడబాటు లేదు. ఆ సంగతి ఆమెకి ఒక్క చూపులోనే తెలిసిపోయింది. కాని కింద ట్యాంకు దిమ్మ పక్కన నిలబడి, చెయ్యి పైకి చాచి, భర్త పాప కుడి చీలమండ పట్టుకున్నాడు.

“నాన్నా, వదులు. దిగుతున్నాను కదా” అంటోంది పాప.

“నోర్మూసుకుని రా. నేను పట్టుకున్నానుగా” అని అతను ఆ కాలిని కిందికి లాగాడు.

ఖాళీ చోటులోకి అంతా ఒక్కసారిగా వచ్చి పడింది. ఆమె వయసు పదకొండు. మొదటి మేడ కింద ఉంది, కాలు బుడిపె కోసం వెతుకుతోంది, ఆ బుడిపె ఎక్కడుందో ఆ కాలికి బాగా తెలుసు. చీలమండ చుట్టూ ఒక చెయ్యి. నాన్న చెయ్యి, గడియారం పట్టీ చల్లగా తగిలింది. మగపిల్లలతో కలిసి చెట్టెక్కిందని ఎవరో చెప్పారు, అడితి పనివాళ్ళు చూస్తున్నారు, నాన్నకి తల కొట్టేసినట్టుంది. “నాన్నా వదులు, దిగుతున్నాను” అంది తను, సరిగ్గా ఇలాగే. నాన్న లాగాడు. గడ్డం బెరడుకి గీసుకుంటూ వచ్చింది, చెయ్యి ఒంటి కింద పడి విరిగింది. నాన్న చెడ్డవాడు కాదు. ఎత్తుకుని పరుగెత్తాడు, దారంతా ఏడ్చాడు. డాక్టరు ఏమైందని అడిగితే “చెట్టు మీంచి పడిందండీ” అన్నాడు. అని, ఆమె వైపు తిరిగి, కళ్ళనిండా నీళ్ళతో, “పడ్డావు కదమ్మా?” అని అడిగాడు. ఆమె తలూపింది. నాన్న ఏడుస్తుంటే ఇంకేం చేస్తుంది? ఆ తర్వాత అమ్మ చెప్పింది, చుట్టాలు చెప్పారు, కొన్నాళ్ళకి ఆమే చెప్పడం మొదలుపెట్టింది. ఉడత ఎప్పుడూ చెట్టు మీంచి పడలేదు. ఒక్కసారి కూడా.

ఆమె వెళ్ళి భర్త మణికట్టు పట్టుకుంది. వంకర చేత్తోనే పట్టుకుంది. అతను వదిలాక పిల్ల నిజంగానే పడితే? అప్పుడు ఆ పడడం జీవితాంతం తన నెత్తినే ఉంటుంది, వచ్చేపోయే ప్రతివాళ్ళకీ అదొక కథవుతుంది. అదంతా ఆమెకి తెలుసు. తెలిసే పట్టుకుంది.

“కాలు వదలండి” అంది.

“నీకేమైనా పిచ్చా? పడుతుంది!”

“వదలండి. దిగేవాళ్ళ కాలు ముట్టుకోకూడదు.”

“ఆహా. నీలాగే పడి చెయ్యి విరగ్గొట్టుకోవాలా?”

“నేను పడలేదు” అంది ఆమె. గొంతు సన్నగా, వణుకుతూనే వచ్చింది, కాని వచ్చింది. “మా నాన్న ఇలాగే కాలు పట్టుకుని లాగాడు.”

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఎప్పుడూ నవ్వించడానికి చెప్పే కథలో ఈ ముక్క లేదు. వేళ్ళు వాటంతటవే సడలాయి. గోడ దగ్గర పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఎప్పుడొచ్చిందో, వెనక అత్తగారు కూడా వచ్చి నిలబడింది, నోటికి కొంగు అలాగే ఉంది. పాప కాలు గాల్లో ఒక్క క్షణం ఊగింది. ఇటు కాదు, కాస్త ఎడమకి, అని చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ కాలు బెరడు మీద నెమ్మదిగా జరిగి, బుడిపెని పట్టుకుని, దాని మీద బరువు వేసి చూసుకుని, నిలబడింది. తర్వాత ఎడమ కాలు. తర్వాత ట్యాంకు దిమ్మ. తర్వాత నేల. పాప రెండు చేతులూ గౌనుకి తుడుచుకుని, ఎవరు ముందు కొడతారో అన్నట్టు అందరి వైపూ చూసింది. ఎవరూ కొట్టలేదు.

“ఇంటికి పదండి” అన్నాడు భర్త, ఎవరి వైపూ చూడకుండా. “రేపట్నుంచి ఈ ఛాయలకి వస్తే ఊరుకోను.”

“వస్తుంది” అంది ఆమె. “నేను తీసుకొస్తాను.”

అప్పుడు చూసింది పాప, తన జడ రిబ్బను పైన చీలిక దగ్గర తగులుకుని ఉండిపోయిందని. పోతే పోయిందిలే, కొత్తది కొనిస్తానన్నాడు భర్త. అత్తగారు కూడా పోనీమంది. ఆమె చెట్టు దగ్గరికి నడిచి, మిగిలిన ఆ ఒక్క చెప్పూ విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుంది. అరికాళ్ళు చల్లగా ఉన్నాయి, మోకాళ్ళు ఎప్పటిలాగే వశంలో లేవు. భయం ఎక్కడికీ పోలేదు. బెరడు మీద చెయ్యి వేసింది. వంకర మణికట్టు ముడుచుకోబోయి, మళ్ళీ ఎందుకో తెరుచుకుని, చెట్టుని పట్టుకుంది. దిమ్మ ఎక్కి, మొదటి బుడిపె మీద కాలు పెట్టింది. ఒళ్ళు నేల మీంచి లేచింది.

“ఏయ్, ఏమిటిది? పడతావ్” అంటూ భర్త కంగారుగా రెండు చేతులూ చాచి ముందుకొచ్చాడు.

అతని కన్నా ముందు పాప వచ్చి, చెట్టుకి వీపు ఆనించి, మధ్యలో నిలబడింది.

“నాన్నా, జరుగు” అంది. “అమ్మ కాలు ముట్టుకోకు.”